ఒక్కసారికి ఒక్క మార్పే

హనుమకొండలో ఇంటర్ ఎంపీసీ చదివే ఏ పిల్లవాణ్ణయినా ఆపి న్యూటన్ మూడో సూత్రం అడగండి. తడుముకోకుండా అప్పజెబుతాడు. ద్రవ్యరాశి తగ్గుతూ పోయే రాకెట్టు మీద లెక్క ఇస్తే ఎప్‌సెట్ సాధన పుణ్యమా అని రెండు నిమిషాల్లో ఆప్షన్ తేల్చేస్తాడు. అదే పిల్లవాడి చేతికి ఒక కూల్‌డ్రింక్ బాటిల్, సైకిల్ పంపు ఇచ్చి "దీన్ని పైకి పంపించు చూద్దాం" అంటే నీళ్లు నములుతాడు. కొందరైతే ఇది సిలబస్‌లో ఉందా అని అడుగుతారు.

వాళ్లను అనడానికి లేదు. మనం వాళ్లకు ఇచ్చినవన్నీ జవాబు ఉందని ముందే తెలిసిన ప్రశ్నలు. నాలుగింటిలో ఒకటి కచ్చితంగా సరైనదే. గాలి నింపిన బాటిల్ లేవకుండా బుస్సుమని చతికిలబడితే ఆప్షన్లు ఇచ్చేవారుండరు. మూతి దగ్గర లీకా, నీళ్లు ఎక్కువయ్యాయా, రెక్క వంకరగా ఉందా, అన్నీ ఒకేసారి జరిగాయా? ఎవరికి వారే వెతుక్కోవాలి. ఈ అధ్యాయంలో చేతిపని రాకెట్టుది. నేర్చుకోవలసింది మాత్రం ఆ వెతుకులాట.

ముందు ఏ రాకెట్టో తేల్చుకుందాం. అమెరికాలో 1950లలో పిల్లలు ఇళ్లలో మందు కలిపి గొట్టాల్లో కూరి వేళ్లు, కళ్లు పోగొట్టుకునేవారు. క్షిపణుల పరీక్షా కేంద్రంలో పనిచేసిన హ్యారీ స్టైన్ ఆ ప్రమాదాల గురించి పత్రికలో రాశాడు. అది చదివి నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడుపుకునే ఆర్విల్ కార్లైల్ తాను తయారుచేసిన చిన్న రాకెట్లను ఆయనకు పంపాడు. ఈ హాబీ అలా మొదలైంది. మందు దట్టించిన మోటారు ఫ్యాక్టరీలోనే తయారు కావాలి, పిల్లలు గొట్టం, రెక్కలు, పారాచూట్ మాత్రమే చేసుకోవాలి అన్నది వాళ్లు పెట్టుకున్న నియమం. 1950ల చివరి నుంచి వెర్న్ ఎస్టెస్ ఆ మోటార్లను యంత్రం మీద వేలకొద్దీ తయారుచేశాడు. ఆ మోటారు మీద "సీ6-5" అని ఉంటే సీ అనే అక్షరం మొత్తం ప్రచోదనానికి (తోపును అది ఉన్న సమయంతో గుణిస్తే వచ్చేదానికి) గుర్తు, 6 అంటే సగటు తోపు 6 న్యూటన్లు, 5 అంటే మందు కాలిపోయాక పారాచూట్ విచ్చుకునే ముందు ఆగే 5 సెకన్లు. అక్షరం ఒక మెట్టు ఎక్కితే ఆ ప్రచోదన పరిమితి రెట్టింపవుతుంది.

ఇదంతా తెలుసుకోవడానికి బాగుంటుంది. మన దగ్గర ఆ దారి పట్టకండి. మందు నింపిన వస్తువు ఏదైనా 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నిబంధనల పరిధిలోకి వస్తుంది. తయారీకి లైసెన్సు కావాలి. వీడియోలు చూసి వంటింట్లో ఏదో వేడిచేయడం, దీపావళి సామాన్లు విప్పి మందు పోగుచేయడం హాబీ అనిపించుకోదు. అది పోలీసు స్టేషన్‌కో ఎంజీఎం ఆసుపత్రికో దారి. వరంగల్‌కు ఇంకో కారణం కూడా ఉంది. నవంబరు మొదలుకొని ఈ జిల్లాలో ఎటు చూసినా ఎండిన పత్తి కట్టె, గడ్డివాములు, ఎనుమాముల మార్కెట్‌కు పోయే పత్తి ట్రాక్టర్లు, ఆ తర్వాత మిర్చి బస్తాలు. నిప్పు కక్కుతూ పైకి వెళ్లి ఎక్కడ పడుతుందో తెలియని వస్తువుకు ఈ ఊరు తగిన చోటు కాదు.

కాబట్టి మనది నీటి రాకెట్టు. పిల్లకాయల ఆట అని తీసిపారేయకండి. 1926 మార్చి 16న మసాచుసెట్స్‌లోని ఆబర్న్‌లో రాబర్ట్ గొడార్డ్ ఎగరేసిన ప్రపంచపు మొదటి ద్రవ ఇంధన రాకెట్టు 12.5 మీటర్లే లేచింది. రెండున్నర సెకన్లలో క్యాబేజీ తోటలో పడింది. మీరు జాగ్రత్తగా చేసిన రెండు లీటర్ల బాటిల్ అంతకంటే పైకి పోతుంది. ఆసియా, పసిఫిక్ దేశాల అంతరిక్ష సంస్థల వేదిక బడి పిల్లలకు 2005 నుంచి నీటి రాకెట్ల పోటీ పెడుతోంది. ఆ వేదికలో మన ఇస్రో కూడా ఉంది.

బాటిల్, గాలి, మూతి

పనిచేసే తీరు సులువే. బాటిల్‌లో మూడో వంతు నీళ్లు, మిగతా చోట ఒత్తిడితో నింపిన గాలి. మూతి తెరుచుకోగానే గాలి నీళ్లను కిందికి నెడుతుంది, నీళ్లు బాటిల్‌ను పైకి నెడతాయి. నీళ్లు మరీ తక్కువైతే కిందికి విసరడానికి బరువు చాలదు. మరీ ఎక్కువైతే గాలికి చోటుండదు, విసిరే శక్తి తగ్గుతుంది. ఆ రెండింటి నడుమ ఎక్కడ బాగా ఎగురుతుందో మీ రాకెట్టే మీకు చెప్పాలి. మూడో వంతు అనేది మొదలుపెట్టడానికి ఒక లెక్క, అంతే.

బాటిల్ కచ్చితంగా గ్యాసు ఉండే కూల్‌డ్రింక్‌దే కావాలి. అది ఒత్తిడి తట్టుకునేలా చేసింది. మంచినీళ్ల బాటిల్ పల్చన, అడుగు బలహీనం, దాన్ని ముట్టుకోవద్దు. రెండు లీటర్ల ఖాళీ బాటిల్ 50 గ్రాములకు అటూఇటూ తూగుతుంది. రెక్కలకు సన్‌ప్యాక్ షీట్ చాలు. ఎన్నికలప్పుడు, షాపుల ప్రారంభోత్సవాలప్పుడు స్తంభాలకు కట్టే బోర్డులు అవే. పాత బోర్డు ఒకటి దొరికితే నాలుగు రాకెట్లకు సరిపోతుంది. అతికించడానికి రెండువైపులా అంటుకునే టేపు వాడండి. ఫెవిక్విక్ తొందరగా అతుకుతుంది కానీ ఆ అతుకు పెళుసు, నేలను తాకగానే రెక్క ఊడిపోతుంది. వేడి జిగురు తుపాకీ బాటిల్‌కు ఇంకా చేటు. ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడి, ఒత్తిడి పెట్టినప్పుడు అక్కడే ఉబ్బుతుంది.

మొదటి ప్రయోగానికి రబ్బరు బిరడా, అందులోంచి గుచ్చిన ఫుట్‌బాల్ సూది, దానికి పంపు చాలు. ఒత్తిడి పెరిగి పెరిగి బిరడా దానంతటదే ఊడుతుంది. ఎప్పుడు ఊడుతుందో మాత్రం మన చేతిలో ఉండదు, పంపు కొట్టేవాడు తడిసిపోవడం ఖాయం. నాలుగు రోజులు ఆడాక తాడు లాగితే వదిలే పీఠం చేసుకోండి. అరంగుళం పైపు కూల్‌డ్రింక్ బాటిల్ మూతిలో బిగుతుగా దిగాలి. కంపెనీని బట్టి పైపు మందం మారుతుంది కాబట్టి బాటిల్‌ను శానిటరీ సామాన్ల షాపుకు వెంట తీసుకెళ్లి అక్కడే దూర్చి చూసుకుని కొనండి. నీళ్ల ఒత్తిడికి పనికొచ్చే పైపే తీసుకోండి, కరెంటు వైర్లు పోయే పల్చటి పైపు వద్దు. పైపు చివర మూతకు రంధ్రం చేసి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగిస్తే పంపు తగిలించుకోవచ్చు. మూతి లోపల గాలి ఆగడానికి పైపుకు ఒక ఓ రింగు. ఇక పైపు చుట్టూ కేబుల్ టైలు నిలబెట్టి కట్టి, వాటి తలలు బాటిల్ మెడ దగ్గరి అంచును పట్టుకునేలా చేయాలి. వాటిపైన కొంచెం పెద్ద పైపు ముక్క తొడగాలి. ఆ ముక్కను తాడుతో కిందికి లాగితే తలలు విచ్చుకుంటాయి, బాటిల్ లేస్తుంది. అతుకులకు జిగురు పెట్టాక ఒక రోజంతా ఆరనివ్వండి. ఆత్రం పనికిరాదు.

లీకు ఎక్కడుందో పట్టుకోవడం మాత్రం పుస్తకం చూసి వచ్చేది కాదు. ఒక పంక్చర్ షాపులో పెద్దాయన ఆ పని చేయడం చూశాను. బాటిల్‌కు కొంచెం గాలి పెట్టి ట్యూబులు ముంచే టబ్బులో తలకిందులుగా ముంచాడు. వెంటనే ఏమీ అనలేదు. నీళ్లు నిలకడ పడేదాకా ఆగాడు. వాల్వు అంచు నుంచి ఆవగింజంత బుడగ ఒకటి లేచింది, కాసేపటికి ఇంకొకటి. "గిదిగో సార్, ఈడికెల్లి పోతాంది" అని వేలు పెట్టి చూపించాడు. వాల్వు మార్చలేదు, పైపు మార్చలేదు, జిగురు పూయలేదు. వాషరు తీసి తిరగేసి వేశాడు, మళ్లీ ముంచాడు, మళ్లీ ఆగాడు. బుడగ రాలేదు. ఆయన దాన్ని ఒక పద్ధతి అనుకొని చేయలేదు గానీ, ఒక్కసారికి ఒక్క మార్పు అంటే ఏమిటో దానికి మించి చెప్పడం నాకు చేతకాదు.

కొత్త బాటిల్‌ను ఎగరేసే ముందు ఒక పరీక్ష ఉంది. అంచుదాకా నీళ్లు నింపి గాలి కొట్టండి. నీళ్లు కుదించుకోవు కాబట్టి లోపల దాచుకున్న శక్తి తక్కువ. బాటిల్‌కు పగుళ్లుంటే నీళ్లు చిమ్ముతాయే తప్ప ముక్కలు ఎగరవు. ఈ పరీక్షకు నిలిచాకే గాలితో ఆట. బండి టైరుకు పెట్టించుకునే లెక్కలోనే చెప్పాలంటే 40తో మొదలుపెట్టండి, 60 పీఎస్‌ఐ దాటకండి. పంపుకు మీటరు లేకపోతే ఈ పనే వద్దు.

నిటారుగా వెళ్లేందుకు

దీపావళి తారాజువ్వకు పొడుగాటి పుల్ల ఎందుకు కడతారో ఎప్పుడైనా ఆలోచించారా? పుల్ల తీసేసి ముట్టిస్తే అది ఇంట్లోకే దూరుతుంది. రాకెట్టు బరువు నిలిచే చోటు ముందుండాలి, గాలి ఒరుసుకునే బలమంతా వెనకుండాలి. అప్పుడే ముక్కు దారి చూపిస్తుంది, తోక వెంట వస్తుంది. తారాజువ్వలో ఆ పని పుల్ల చేస్తుంది, మనకు రెక్కలు చేస్తాయి. ముక్కులో కాస్త బంకమట్టి ముద్ద పెడితే బరువు ముందుకు జరుగుతుంది. ముక్కుకు సగం కోసిన రబ్బరు బంతి తొడగండి. గట్టి మొన ఎప్పుడూ పెట్టవద్దు, అది ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం.

సరిగ్గా ఉందో లేదో ఎగరేయకుండానే తెలుసుకోవచ్చు. నీళ్లు లేని రాకెట్టును వేలిమీద నిలబెట్టి, అది ఎటూ ఒరగకుండా ఆగిన చోట గుర్తు పెట్టండి. రాకెట్టు ఆకారాన్ని అట్టమీద గీసి కత్తిరించి, ఆ అట్టముక్క వేలిమీద నిలిచే చోటు కూడా చూడండి. మొదటి గుర్తు రెండోదానికంటే కనీసం బాటిల్ వెడల్పు అంత ముందుండాలి. లేకపోతే ముక్కుకు మట్టి కలపాలి, లేదా రెక్కలు పెద్దవి చేయాలి. రెండూ ఒకేసారి చేయకండి. తర్వాత మొదటి గుర్తు దగ్గర తాడు కట్టి మైదానంలో తలచుట్టూ తిప్పండి. ముక్కు ముందుండి తిరిగితే మంచిదే. అడ్డంగా తిరిగినా తోక ముందుకొచ్చినా ఆ రాకెట్టు ఇంకా సిద్ధంగా లేదు. కంప్యూటర్ ఉన్నవాళ్లు ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇదే లెక్క చూసుకోవచ్చు. అది ఫిన్లాండ్‌లో ఒక విద్యార్థి పీజీ ప్రాజెక్టుగా మొదలైంది. అయినా తాడు కట్టి తిప్పే పరీక్ష మానకండి.

ఎగరేసే చోటు గురించి రెండు మాటలు. సుబేదారి ఆర్ట్స్ కాలేజీ మైదానం లాంటిదో, కోత అయిపోయిన పొలమో కావాలి. ఎవరిదైతే వారిని అడిగి అనుమతి తీసుకోండి. వడ్డేపల్లి, భద్రకాళి చెరువు కట్టలు నడిచేవాళ్లతో నిండి ఉంటాయి, వద్దు. కాజీపేట పట్టాల దరిదాపుల్లోకి పోవద్దు. పైన ఉండేది 25 వేల వోల్టుల తీగ, దాని మీద చిక్కుకున్న రాకెట్టును మరిచిపోవడం ఒక్కటే చేయగలిగింది. మామునూరు ఎయిర్‌స్ట్రిప్ వైపు కూడా వద్దు. జనవరి, ఫిబ్రవరి ఉదయాలు ఈ ఆటకు మంచివి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలి ఎప్పుడు ఎటు లేస్తుందో తెలియదు. కాస్త దుమ్ము పైనుంచి వదిలి చూడండి, అది పక్కకు కొట్టుకుపోతే ఆగండి. హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ తన మొదటి రాకెట్టు విక్రమ్-ఎస్‌ను వాతావరణం బాగాలేక వాయిదా వేసి 2022 నవంబరు 18న ఎగరేసింది. అది 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. ఇస్రోలో పనిచేసి వచ్చిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా పెట్టిన కంపెనీ అది. అంత పెద్ద పనికే ఆగారు, మన ఆదివారం ఆటకు ఆగలేమా?

గాలి నింపిన రాకెట్టు లేవకపోతే దాని దగ్గరికి వెళ్లి వంగి చూడటం అన్నిటికంటే పెద్ద తప్పు. ముందు దూరం నుంచే పంపు వైపు గాలి వదిలేయాలి, మీటరు సున్నాకు రావాలి, అప్పుడు దగ్గరికి. పంపు గొట్టం కనీసం 5 మీటర్లుండాలి, చూసేవాళ్లు ఇంకా వెనక నిలబడాలి, కళ్లకు అద్దాలు ఉండాలి. వీటిలో ఒక్కటి కుదరకపోయినా ఆ రోజు ఆట లేదు.

పడిన తర్వాత

రాకెట్టు పైకి వెళ్లినప్పుడు చప్పట్లు కొడతాం. నేర్చుకునేది అది కిందపడ్డాకే. చాలామంది పడిన రాకెట్టు దగ్గరికి పరుగెత్తి, చేతిలోకి తీసుకుని, దుమ్ము దులిపేస్తారు. దులపకండి. ఎలా పడిందో ముందు చూడండి. పారాచూట్ కట్టిన రాకెట్టు ముక్కు నేలలో దిగి ఉంటే అది తెరుచుకోలేదు. పక్క మీద పడి ఒక రెక్క విరిగితే దొర్లుతూ వచ్చింది. రెక్క అంచుకు గీతలు లేకుండా ఊడితే అది పైనే ఊడింది. అది పడిన తీరే మీకు సాక్ష్యం.

మరమ్మతులో ఒక కఠినమైన నియమం. రెక్క, ముక్కు, పారాచూట్ ఎన్నిసార్లయినా బాగుచేసుకోవచ్చు. గాలి నిలిపే బాటిల్‌ను మాత్రం బాగుచేయకూడదు. మడత పడినా, లోతైన గీరుడు పడినా, ప్లాస్టిక్‌లో తెల్లటి గీత కనిపించినా దాని పని అయిపోయింది. టేపు చుట్టి "ఇంకొక్కసారి" అనడం దండగ మాట. ఎండలో ఆపిన కారులో వదిలేసిన బాటిల్ కూడా అంతే, మార్చేయండి. ఏది బాగుచేయాలో, ఏది వదిలేయాలో తేల్చుకోలేక జీవితంలో చాలామంది రెండో రకం వస్తువులకే టేపు చుడుతూ కూర్చుంటారు. నాకు తెలిసినవాళ్లలోనే ఇలాంటివాళ్లు ఎందరో ఉన్నారు.

రూళ్ల నోటుబుక్ ఒకటి పెట్టండి. ప్రతి ప్రయోగానికీ తేదీ, నీళ్లు ఎన్ని మిల్లీలీటర్లు, ఒత్తిడి ఎంత, గాలి ఎటు, ముక్కులో ఎంత మట్టి, ఎంత ఎత్తు, ఎలా పడింది. ఎత్తు కొలవడం తేలికే. కోణమానికి మధ్య నుంచి దారం, దారానికి ఒక నట్టు వేలాడదీయండి. పీఠానికి 50 మీటర్ల దూరంలో నిలబడి రాకెట్టు శిఖరానికి చేరినప్పుడు కోణం చూడండి. 45 డిగ్రీలుంటే అది దాదాపు 50 మీటర్లు లేచింది, 30 అయితే దాదాపు 29. టాన్ విలువలు పదో తరగతిలో బట్టీ పట్టినవే. అవి మొదటిసారి ఒక పనికి వస్తాయి.

ఇక అసలు క్రమశిక్షణ. బాగా ఎగరని రాకెట్టును చూడగానే నీళ్లు తగ్గించి, ఒత్తిడి పెంచి, రెక్కలు మార్చి, మట్టి కలిపి మళ్లీ ఎగరేయాలనిపిస్తుంది. ఈసారి బాగా ఎగిరినా మీకేమీ తెలియదు, ఎందుకు ఎగిరిందో చెప్పలేరు. ఒక్క మార్పు చేసి మూడుసార్లు ఎగరేయండి. పుస్తకంలో రాయండి. అప్పుడు రెండోది. విసుగ్గా ఉంటుంది. మాక్ టెస్టులో మార్కులు తగ్గగానే కోచింగ్ సెంటర్, పుస్తకాలు, పడుకునే టైము అన్నీ ఒకే వారంలో మార్చేసే ఇళ్లు ఈ ఊళ్లో ఎన్ని లేవు? మార్కులు పెరిగితే కోచింగ్ గొప్పదంటారు, తగ్గితే పిల్లాడిదే తప్పంటారు. ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

శ్రీహరికోటలో 1979 ఆగస్టు 10న లేచిన ఎస్ఎల్‌వీ-3 రెండో దశలో అదుపు తప్పి బంగాళాఖాతంలో పడింది. నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు సరిగా మూసుకోక ఆమ్లం కారిపోయిందని తర్వాత తేలింది. పంక్చర్ షాపు నుంచి అంతరిక్ష కేంద్రం దాకా వాల్వు లీకు ఒకటే జబ్బు. వాళ్లు కొత్త రాకెట్టు గీయడానికి కూర్చోలేదు. నమోదైన సమాచారం ముందు పెట్టుకుని లోపం ఎక్కడుందో పట్టుకున్నారు, సరిచేశారు. 1980 జులై 18న అదే ఎస్ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

దేశంలో మొట్టమొదటి ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల 1959లో వచ్చిన ఊరు మనది. ఇంటర్ అయ్యేదాకా చేత్తో స్క్రూ బిగించని పిల్లలు ఆ గేటు దాటి లోపలికి వెళ్లడానికి రాత్రింబవళ్లు చదువుతున్నారు. అమ్మానాన్నలకు ఒక్క మనవి. వచ్చే ఆదివారం పొద్దున పిల్లలను మైదానానికి తీసుకెళ్లండి. పంపు మీరు కొట్టండి, మీటరు మీరే చూడండి. తాడు లాగే పని, పుస్తకంలో రాసే పని వాళ్లకు వదిలేయండి. అది సరిగా ఎగరకపోతే, కారణం మీకు తెలిసినా సరే, దయచేసి చెప్పకండి.